బళ్ళు లెక్కపెట్టేవాళ్ళకి సర్కారు వారి ఉచిత ట్రాఫిక్ శిక్షణ: వెళ్ళండి, కానీ ఒక ప్రశ్న అడగండి

ఫీజు లేదు. రెండు పూటలా టీ, మధ్యాహ్నం భోజనం వాళ్ళదే. బయట ప్రైవేటు సంస్థల్లో ట్రాఫిక్ ఇంజనీరింగ్ మీద ఇలాంటి వారం రోజుల కోర్సు చెయ్యాలంటే వేలకి వేలు అడుగుతారు. విశాఖలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగం వాళ్ళు కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో పెట్టిన శిక్షణకి ఈమధ్య వెళ్ళొచ్చాను. కాలేజీ పేరు రాయను. కింద రాసినవాటిలో సగం ఫిర్యాదులే కాబట్టి వాళ్ళ పరువు వాళ్ళ దగ్గరే ఉండనిద్దాం. ఊళ్ళో ఈ రంగంలో ఉన్నవాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు.

నేనెవరో చెప్తే గానీ నా మాటకి ఎంత విలువివ్వాలో మీకు తెలీదు. చదివింది డిప్లొమా సివిల్. ఉండేది మర్రిపాలెం. కన్సల్టెన్సీ కంపెనీలకి ట్రాఫిక్ సర్వేలు చేసిపెట్టే చిన్న బృందం నాది. ఫ్లైఓవర్ కట్టాలన్నా, రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, పెద్ద షాపింగ్ మాల్‌కి అనుమతి కావాలన్నా ముందు ఎవరో ఒకరు ఆ జంక్షన్‌లో నిలబడి బళ్ళు లెక్కపెట్టాలి. ఆ ఎవరో మా కుర్రాళ్ళే. పెద్ద పెద్ద డీపీఆర్‌ల (ప్రాజెక్టు పూర్తి నివేదికల) చివర, ఎవరూ తిప్పి చూడని పేజీల్లో, చిన్న అక్షరాలతో పట్టికలుంటాయి చూశారా, అవి మా చేతి గీతలు. ఆ అంకెల్ని పట్టుకుని పైవాళ్ళు ఏం చేస్తారో, కోట్ల రూపాయల నిర్ణయం ఎలా తేలుతుందో తెలుసుకోవాలని ఎప్పటినుంచో ఉంది. అందుకే వెళ్ళాను.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పరిశ్రమ నుంచి వచ్చేవాళ్ళకి కొన్ని సీట్లు ఉంచారు. వాటికి పనిచేసే సంస్థ నుంచి పంపుతున్నట్టు ఉత్తరం జతచెయ్యాలి. సంస్థ నాదే కాబట్టి నన్ను నేనే పంపుకుంటున్నట్టు రాసి, నేనే సంతకం పెట్టి, నేనే ముద్ర కొట్టి అప్‌లోడ్ చేశాను. ఎవరూ ఏమీ అడగలేదు.

మిగతా సీట్లు ఎక్కువగా లెక్చరర్లవే. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా కాలేజీల అసిస్టెంట్ ప్రొఫెసర్లు, కొందరు ఎంటెక్ పిల్లలు, ఒక ట్రాఫిక్ ఎస్సై గారు. లెక్చరర్లలో సగం మంది వెనక వరసల్లో కూర్చుని ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్దుకున్నారు. వాళ్ళని అనడానికేం లేదు. పదోన్నతి కావాలంటే ఇలాంటి శిక్షణలు చేసి ఉండాలని రూలు పెట్టింది పైవాళ్ళే. రూలు కోసం వచ్చినవాళ్ళు రూలు మేరకే ఉంటారు. అయితే ఆ సీట్లలో నాలుగైదు ట్రాఫిక్ పోలీసులకి, ఆర్టీసీ డిపో వాళ్ళకి, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంజనీర్లకి ఇచ్చి ఉంటే తరగతి ఎంత రక్తికట్టేదో ఎస్సై గారు నోరు విప్పిన ప్రతిసారీ తెలిసొచ్చింది.

మొదటి పూట గురించి చెప్పడానికేం లేదు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, గ్రాంటు ఇచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు, ఫొటోలు. ఫొటోలు మాత్రం బాగా ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను.

భోజనం ఫర్వాలేదు. దొండకాయ వేపుడు ఒకరోజు చాలా బాగుంది, సాంబారు రోజూ నీళ్ళే. హాల్లో ఏసీ ఉంది, ఒక మూల అది అతిగా పనిచేస్తుంది, ఇంకో మూల అసలు చెయ్యదు. మధ్య వరసలో కూర్చోండి.

అసలు సంగతి పాఠాల్లో ఉంది. మొదట కూర్చోబెట్టి సిగ్నల్ లెక్క నేర్పిన మాస్టారికి నా దణ్ణం. వెబ్‌స్టర్ అనే ఆయన 1958లో బ్రిటన్ రోడ్డు పరిశోధన లాబొరేటరీ తరఫున ఇచ్చిన సూత్రం ఒకటుంది. సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లు పెట్టాలో అది చెప్తుంది. ఒక చుట్టులో ఎవరూ కదలకుండా వృథాగా పోయే సెకన్లు, అంటే పచ్చ పడ్డాక బళ్ళు కదిలేలోపు పోయేవీ, అన్ని వైపులా ఎర్రగా ఉన్నప్పుడు పోయేవీ కలిపి 16 అనుకోండి. ఒకటిన్నరతో గుణించి 5 కలిపితే 29. జంక్షన్ ఎంత నిండిందో ఆ వాటాని ఒకటిలోంచి తీసేసి, మిగిలినదానితో ఈ 29ని భాగించాలి. 70 శాతం నిండితే 29ని 0.3తో భాగిస్తాం, సుమారు 97 సెకన్లు వస్తుంది. 85 శాతం నిండితే 0.15తో భాగిస్తాం, 193 సెకన్లు. బళ్ళు పెరిగింది ఐదో వంతు, సిగ్నల్ చుట్టు రెట్టింపు. మద్దిలపాలెంలో ఆగిన ప్రతిసారీ 'ఈ సిగ్నల్ పెట్టినవాడెవడు' అని తిట్టుకునే జనంలో నేనూ ఉన్నాను. బోర్డు మీద ఆ రెండు భాగహారాలు చూశాక తిట్టు మానలేదు గానీ, ఎవర్ని తిట్టాలో తెలిసింది.

తర్వాత పీసీయూల (ప్యాసింజర్ కార్ యూనిట్ల) పాఠం. ఇది నా రోజువారీ తిండి కాబట్టి చెవులు రిక్కించి విన్నాను. రోడ్డు మీద కారు ఎంత చోటు, ఎంత సమయం తీసుకుంటుందో దాన్ని ఒకటి అనుకుని, మిగతా బళ్ళన్నిటినీ ఆ లెక్కలోకి మార్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 106వ నంబరు నియమావళి, 1990 నాటిది, ఊళ్ళోపలి రోడ్లకి ఈ లెక్క ఇస్తుంది. మొత్తం బళ్ళలో బైకులు 5 శాతమే ఉంటే బైకుకి 0.5, పది శాతం దాటితే 0.75. ఆటోకి అలాగే 1.2, లేదంటే 2. బైకులు పది శాతం లోపు ఉండే రోడ్డు విశాఖలో ఎవరైనా చూపిస్తే వాళ్ళకి నా సొంత డబ్బుతో బిర్యానీ తినిపిస్తాను. ఆ పట్టికలో గుర్రబ్బండికీ, తోపుడుబండికీ కూడా వరసలున్నాయి. బళ్ళ లెక్క రాసుకునే మా టాలీ షీట్లలో ఇప్పటికీ ఆ గళ్ళు ముద్రించే ఉంటాయి, కుర్రాళ్ళు వాటిలో టీ షాపు బాకీలు రాసుకుంటారు.

మాస్టారు ఇక్కడ ఆగి ఒక మంచి మాట చెప్పారు. సర్వీస్ ఆటో కదులుతున్నప్పుడు ఒక లెక్క, ఎడమ పక్కన ఆగి జనాన్ని ఎక్కించుకుంటున్నప్పుడు ఇంకో లెక్క. ఆగిన ఆటో ఒక లైను మొత్తాన్ని తినేస్తుంది, దాని వెనక బస్సు పక్కకి జరుగుతుంది, బస్సు వెనక బైకులు ఇంకా పక్కకి. మన పట్టికలో మాత్రం అది ఒక్క గీతే. ఇది మా కుర్రాళ్ళందరికీ కళ్ళతో తెలుసు. ఒక ప్రొఫెసర్ నోట వినడం నాకు ఇదే మొదలు.

ఈ పాత అంకెలతోనే ఇంకా ఎందుకు నెట్టుకొస్తున్నామని ఒకాయన అడిగితే, ఇండో హెచ్‌సీఎం కథ చెప్పారు. రోడ్డు ఎన్ని బళ్ళని మొయ్యగలదో లెక్క కట్టే పుస్తకాన్ని అమెరికావాళ్ళు 1950లోనే వేసుకున్నారు. మనవాళ్ళు చాలాకాలం వాళ్ళ అంకెల మీదా, కొంత మనవాటి మీదా నడిపించారు. చివరికి ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, సీఆర్ఆర్ఐ, ప్రభుత్వ డబ్బుతో ఏడు విద్యాసంస్థల్ని కలుపుకుని దేశమంతా రోడ్ల మీద కొలతలు తీసి, ఇండో హెచ్‌సీఎం 2017 పేరుతో మన సొంత పుస్తకం తెచ్చింది. ఆ ఏడూ రూర్కీ, బొంబాయి, గువాహటి ఐఐటీలు, ఢిల్లీ ప్లానింగ్ స్కూలు, శిబ్‌పూర్, సూరత్ సంస్థలు, చెన్నై అన్నా యూనివర్సిటీ. యూనివర్సిటీలకి సర్కారు డబ్బిస్తే ఏమొస్తుందంటే ఇదిగో, ఇలాంటిది వస్తుంది. బైకులు సిగ్నల్ ముందు వరకు సందుల్లోంచి దూరిపోయే మన ట్రాఫిక్‌ని కొలిచి రాసిన పుస్తకం. ఆ ఏడింటిలో తెలుగు నేల మీది సంస్థ ఒక్కటీ లేదన్నది నాకు గుచ్చుకుంది. వరంగల్ ఎన్‌ఐటీ లాంటిది పక్కనే ఉండగా మన రోడ్లు ఆ కొలతల్లో ఎంత పడ్డాయో అని అడిగాను. మాస్టారు నవ్వి ఊరుకున్నారు.

అమెరికాలో పీహెచ్‌డీ చేసొచ్చిన ఇంకో మాస్టారు ఒక పూట తీసుకున్నారు. ఆయన స్లైడ్లు మరీ ఎక్కువ, మాట మరీ వేగం, గంటకి అరవై స్లైడ్లు తిప్పేశారు. కానీ అక్కడి ఏర్పాటు గురించి చెప్పింది మాత్రం నోట్సులో రాసుకున్నాను. 1987లో వాళ్ళ కాంగ్రెస్ ఒక చట్టం చేసి, దేశాన్ని పది ప్రాంతాలు చేసి, ప్రాంతానికొక యూనివర్సిటీ రవాణా కేంద్రం పెట్టింది. తర్వాత 1991, 1998, 2005, 2012, 2015, 2021లో వచ్చిన ప్రతి రవాణా చట్టంలోనూ ఆ పథకం కొనసాగింది. ఏ యూనివర్సిటీకి ఇవ్వాలో ఇప్పుడు పోటీ పెట్టి తేలుస్తారు. పెద్ద కేంద్రాలైతే సర్కారు ఎంతిస్తే అంత సొమ్ము బయట నుంచి, రాష్ట్ర రోడ్ల శాఖ నుంచో కంపెనీల నుంచో, తామే జతచేసుకోవాలి. దీనివల్ల ఏమవుతుందంటే, రోడ్ల శాఖవాడు జేబులోంచి డబ్బు పెట్టాడు కాబట్టి పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతూ ఉంటాడు. మన దగ్గర గ్రాంటు ఢిల్లీ నుంచి కాలేజీకి వస్తుంది, లెక్క కాలేజీ నుంచి ఢిల్లీకి వెళ్తుంది. ఆ కాలేజీ గేటు ముందున్న రోడ్డుని చూసుకునే ఇంజనీరుకి మధ్యలో ఏ పనీ లేదు. ఈ ముక్క మాస్టారు అనలేదు, నేనంటున్నాను.

మన దగ్గర ఏమీ లేదని కాదు. పట్టణ రవాణా మీద కేంద్ర ప్రభుత్వం వరంగల్ ఎన్‌ఐటీ, మద్రాసు, ఢిల్లీ ఐఐటీలు, అహ్మదాబాద్ సెప్ట్ లాంటి చోట్ల ప్రత్యేక కేంద్రాలు పెట్టించింది. వడోదరలో రైల్వేశాఖ కింద మొదలైన రవాణా విద్యాసంస్థ 2022లో గతిశక్తి విశ్వవిద్యాలయం పేరుతో కేంద్రీయ యూనివర్సిటీ అయింది. సంస్థలున్నాయి, డబ్బూ కొంత ఉంది.

ఇక ఫీల్డు రోజు. ఈ శిక్షణలో నేను పూర్తి మార్కులు వేసేది దీనికే.

హనుమంతవాక జంక్షన్‌కి తీసుకెళ్ళారు. విశాఖవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్ళ కోసం: జాతీయ రహదారి 16 మీద మధురవాడ వైపు వెళ్తుంటే వస్తుంది, ఆరిలోవ రోడ్డు అక్కడే కలుస్తుంది, ఆసుపత్రులకొచ్చే జనం, కాలేజీ బస్సులు, తగరపువలస వెళ్ళే 222 నంబరు బస్సులు, కంటెయినర్ లారీలు అన్నీ ఒకేచోట మూగుతాయి. మమ్మల్ని జట్లుగా విడదీసి ఒక్కో మూల నిలబెట్టారు. పదిహేను నిమిషాలకొక గడి, తిరిగే దిక్కుకొక కాయితం. ఎడమ, నేరు, కుడి.

లెక్చరర్లు, పిల్లలు లెక్క మొదలుపెట్టిన తీరు చూసి నాకు నవ్వాగలేదు. ఒక్కొక్కరూ అన్ని రకాల బళ్ళూ రాయబోయారు. బైకు గీత గీసేలోపు మూడు ఆటోలు వెళ్ళిపోతున్నాయి. తలొంచి కాయితం చూస్తే రోడ్డు పోతుంది, రోడ్డు చూస్తే గీత పక్క గడిలో పడుతుంది. నేను కలగజేసుకుని మా పద్ధతి చూపించాను. ఒకరు బైకులు మాత్రమే, అదీ కాయితం మీద కాదు, చేతిలో నొక్కే కౌంటర్ మీద. ఇంకొకరు కార్లు, ఆటోలు. మూడోవాళ్ళు మిగతా పెద్ద బళ్ళు. బొటనవేలు గడి మీదే ఉండాలి, కళ్ళు స్టాప్‌లైను మీదే ఉండాలి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం, అదీ చూడకుండా చెయ్యి దానంతటదే గియ్యాలి. పావుగంట అవ్వగానే గడి మార్చమని ఒకళ్ళు గట్టిగా అరవాలి, లేకపోతే ఎవరి పావుగంట వాళ్ళదైపోతుంది. అరగంటలో కుదురుకున్నారు. మాస్టారు నా పక్కకొచ్చి, "మేడం, వచ్చేసారి ఈ పాఠం మీరే చెప్పాలి" అన్నారు. గౌరవవేతనం ఎంతిస్తారని అడిగాను. మళ్ళీ నవ్వి ఊరుకున్నారు.

ఫ్రీ లెఫ్ట్ దగ్గర నిలబడ్డ నా దగ్గరకి ఒక ఆటో అతను వచ్చి ఆపాడు. "ఏటమ్మా, సలాన్లు రాస్తన్నారేటి?" కాదు బాబూ, బళ్ళు లెక్కపెడుతున్నాం అన్నాను. "లెక్కెట్టి ఏటి సేస్తారు?" అన్నాడు. గ్రీన్ పడింది, వెనక హారన్లు మోగాయి, సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పాదచారుల కొలత. కాగితం మీద మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని తీసుకుని సిగ్నల్ సమయం పెడతారు. రోడ్డు 24 మీటర్లుంటే 20 సెకన్లు చాలన్నమాట. మాస్టారు మా చేతికి స్టాప్‌వాచీలిచ్చి, కుర్రాళ్ళని వదిలేసి ముసలివాళ్ళనే కొలవమన్నారు. ఆ దగ్గర్లో కంటి ఆసుపత్రి ఉంది. ఒక పెద్దావిడ, ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని, మనవడి చెయ్యి పట్టుకుని దాటింది. మొదటి సగం మెల్లగానే నడిచింది. డివైడర్ దగ్గరకొచ్చేసరికి సిగ్నల్ మారింది. మనవడు లాగాడు, ఆవిడ రానంది. ఇద్దరూ డివైడర్ మీదున్న మొక్కల మధ్య చోటు చేసుకుని ఇంకో చుట్టు తిరిగేదాకా నిలబడ్డారు. నా స్టాప్‌వాచీ ఆపాలో కొనసాగించాలో తెలీక ఎంటెక్ అమ్మాయి వైపు చూశాను. ఆ అమ్మాయి కాయితంలో ఆ గడి దగ్గర "రెండు సిగ్నళ్ళు" అని తెలుగులో రాసింది. సెకనుకి 0.8 మీటర్ల చొప్పున నడిచే మనిషికి ఆ 24 మీటర్లకి 30 సెకన్లు పడుతుంది, మనం ఇచ్చేది 20. తరగతిలో చెప్పి ఉంటే ఈ తేడాని ఒక అంకెగా రాసుకుని మర్చిపోయేదాన్ని.

ఎస్సై గారు ఆ రోజు సాయంత్రం తరగతిలో లేచి, "అన్నీ బాగున్నాయి మాస్టారూ, మీ సూత్రంలో కాన్వాయ్ ఎక్కడుంది?" అన్నారు. అందరూ నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. పీక్ అవర్‌లో సిగ్నల్ని ఆటోమేటిక్‌లోంచి తీసేసి చేత్తో తిప్పాల్సి వస్తుంది, స్కూళ్ళు వదిలేటప్పుడు ఒక లెక్క, అంబులెన్స్ వచ్చినప్పుడు ఒక లెక్క, పైనుంచి ఫోనొస్తే ఇంకో లెక్క. చేత్తో తిప్పినప్పుడు ఏ వైపు ఎంతసేపు ఇచ్చామో ఎక్కడా రాసుకోం, రేపొద్దున వచ్చే మనిషి మళ్ళీ సొంత అంచనాతో మొదలుపెడతాడు. ఇదీ ఆయన చెప్పింది. మాస్టారు డొంకతిరుగుడు లేకుండా, "మా దగ్గర దానికి సమాధానం లేదు, దాని మీదే పరిశోధన చెయ్యాలి" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం అక్కడ పెరిగింది. ఎస్సై గారే ఇంకో అంకె కూడా గుర్తుచేశారు: కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, వాళ్ళలో నూటికి 44 మందికి పైగా బైకుల మీద వెళ్ళేవాళ్ళే. మేం లెక్కించేటప్పుడు సగం గీత, ముప్పావు గీత అని తగ్గించి వేసేది వీళ్ళనే.

కంప్యూటర్ ల్యాబ్ నిరాశే. వీసిమ్ అనే జర్మన్ సాఫ్ట్‌వేర్ చూపిస్తామని కరపత్రంలో వేశారు. జంక్షన్‌ని తెరమీద బొమ్మలాగా నడిపించి చూపిస్తుంది, ఖరీదైనది. దాన్ని తెరవడానికి ఒక డాంగిల్ (కంప్యూటర్‌కి గుచ్చే తాళంచెవి లాంటి ముక్క) కావాలి, విభాగంలో ఉన్నది ఒక్కటే. కాబట్టి ఒక్క కంప్యూటర్ మీద ఒకాయన నడిపిస్తే మిగతావాళ్ళం వెనక నిలబడి చూశాం. ఎవరూ ముట్టుకోని సాఫ్ట్‌వేర్ నేర్పామని రాసుకోవడం ఏం బాగుంటుంది? సూమో అని ఇంకొకటుంది, అదీ జర్మనీదే, ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. దాన్ని అందరి కంప్యూటర్లలో ఎక్కించి ఒక పూట పట్టించి ఉంటే చాలు. ఒక ఎంటెక్ కుర్రాడు టీ విరామంలో తన ల్యాప్‌టాప్‌లో చూపించాడు, ల్యాబ్‌లో కంటే అతని దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. లైన్ల ప్రకారం నడిచే దేశాల కోసం రాసిన వీటిలో మన బైకుల్ని ఎలా ఇమడ్చాలన్నది వాళ్ళ తలనొప్పి, అందులోకి వెళ్ళను.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. చివరి రోజు మేం లెక్కపెట్టిన కాయితాలన్నీ కోఆర్డినేటర్ గారు ఒక ఫైల్లో పెట్టారు. ఇవేమవుతాయని అడిగాను. "రిపోర్టుకి జతచేస్తాం మేడం. యూసీతో పాటు ఫొటోలు, హాజరు పట్టీ పంపాలి కదా." యూసీ అంటే గ్రాంటు ఖర్చయిందని ఇచ్చే పత్రం. ఫొటోలెందుకంత ముఖ్యమో ఇప్పుడు అర్థమైందిగా. అంకెల్ని జీవీఎంసీకో పోలీసులకో ఇస్తారా అని అడిగితే, అలాంటి ఏర్పాటు లేదన్నారు. విభాగం లైబ్రరీలో బీరువా నిండా ఎంటెక్ థీసిస్‌లున్నాయి. ఒకటి తిప్పి చూశాను, నేను బాగా ఎరిగిన జంక్షన్. నాలుగు దిక్కులా పూర్తి లెక్క, పదిహేను నిమిషాల గళ్ళతో సహా, శుభ్రంగా ఉంది. ఆ పిల్ల ఎండలో నిలబడి చేసిన పని. గైడు, పరీక్షకుడు, ఆ పిల్ల తప్ప ఇంకెవరూ చూసి ఉండరు.

అదే జంక్షన్‌ని మేం వేర్వేరు కంపెనీల కోసం మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాం. ఒక కంపెనీకి ఫ్లైఓవర్ కోసం, ఇంకో కంపెనీకి రోడ్డు వెడల్పు కోసం. ప్రతి ఒప్పందంలోనూ లెక్కలు బయటికి ఇవ్వకూడదని రాసుంటుంది. ప్రతిసారీ మాకు డబ్బొస్తుంది, నాకు నష్టం లేదు, నిజానికి ఈ పద్ధతి మారితే నా పనే తగ్గుతుంది. అయినా చెప్తున్నాను. ఆ కంపెనీలకి డబ్బు ఎక్కడిది? చివరికి అదీ సర్కారుదే. కాలేజీకి గ్రాంటూ సర్కారుదే. ఒకే రోడ్డుని ఒకే డబ్బుతో ఇన్నిసార్లు లెక్కపెట్టి, దేనికది తాళం వేసి దాచుకుంటున్నాం. పదేళ్ళ కిందట ఈ జంక్షన్‌లో ఎన్ని ఆటోలు, ఇప్పుడెన్ని అని పక్కపక్కన పెట్టి చూడాలంటే విశాఖలో ఎక్కడికెళ్ళాలి?

అమెరికా మాస్టారి స్లైడ్లలో నేను రెండుసార్లు గీత కొట్టుకున్నది ఇక్కడే. వాళ్ళ రవాణా శాఖ డబ్బుతో చేసిన పరిశోధనల రిపోర్టులు అందరికీ తెరిచి పెట్టాలి, డేటా కూడా పెట్టాలి. వాళ్ళ జాతీయ రవాణా లైబ్రరీలోకి వెళ్ళి మర్రిపాలెంలో కూర్చుని నేను ఉచితంగా దించుకోవచ్చు, దించుకున్నాను కూడా. ఏదో ఊళ్ళో ఏదో కూడలి లెక్క నా ఫోన్లో ఉంది, హనుమంతవాకది లేదు. మన దేశంలోనూ 2012లోనే ప్రభుత్వ డేటాని పంచుకోవాలని జాతీయ విధానం తెచ్చారు, దానికొక వెబ్‌సైటూ ఉంది. గ్రాంటు ఉత్తరంలో ఒక్క వాక్యం చేర్చి, లెక్కల్ని అందరూ వాడుకునే రూపంలో పెడితేనే చివరి విడత డబ్బు అని అంటే సరిపోతుంది. శాలువాల ఖర్చులో నాకివ్వండి, ఆ కాయితాలన్నీ మా కుర్రాళ్ళ చేత ఎక్సెల్‌లో ఎక్కించి ఇస్తాను.

అందుకే వెళ్ళినవాళ్ళు ముగింపు సభలో లేచి ఈ ఒక్కటి అడగండి: మనం తీసిన లెక్క ఎక్కడ పెడుతున్నారు? నలుగురైదుగురు అడిగితే వచ్చే విడతకైనా సమాధానం తయారుచేసుకుంటారు.

వారం సెలవు దొరకనివాళ్ళు ఇంట్లోనే నేర్చుకోవచ్చు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ కూడా కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడిచేదే. ట్రాఫిక్ ఇంజనీరింగ్ మీద, పట్టణ రవాణా ప్రణాళిక మీద ఐఐటీ మాస్టార్ల పాఠాలు అందులో ఉన్నాయి. వినడానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకి మాత్రం ఫీజు కట్టాలి. ఇంగ్లీషులో ఉంటాయి గానీ నెమ్మదిగా చెప్తారు, ఆపి ఆపి వినొచ్చు. రాత్రి వంటయ్యాక నేను విన్నది అవే, వాటి వల్లే ఇక్కడి తరగతిలో వెనకబడలేదు. హనుమంతవాకలో నిలబెట్టడం మాత్రం వాటివల్ల కాదు.

నా రేటింగు 5కి 3.5. వెళ్ళేవాళ్ళు ఫీల్డు రోజుకి టోపీ, నీళ్ళ సీసా, గట్టి అట్ట తీసుకెళ్ళండి, కాలేజీ వాళ్ళిచ్చే ఫోల్డర్ గాలికి నిలవదు. చివర్లో బహుళైచ్ఛిక ప్రశ్నలతో చిన్న పరీక్ష ఉంటుంది, పాఠాలు విన్నవాళ్ళకి టెన్షన్ అక్కర్లేదు. సర్టిఫికెట్టు ఈమెయిల్లో వస్తుంది. నాదాంట్లో పేరు కింద అసిస్టెంట్ ప్రొఫెసర్ అని వేశారు. సరిచెయ్యమని రాయలేదు, ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకి తగిలించాను. కుర్రాళ్ళు ఇప్పుడు ప్రొఫెసరు గారూ అని పిలిచి అడ్వాన్సులు అడుగుతున్నారు.